చిరాగ్ గల్లీ పొడుగు వరండా

జులై 4, 2004, ఆదివారం

మంచి వార్త విన్న రోజున డైరీ మొదలుపెట్టాలని జనవరిలోనే నిర్ణయించుకున్నాను. అందుకే ఆర్నెల్ల కాగితాలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ్టికి వార్త వచ్చింది. మాకు ఫ్లాటు వస్తోంది!

పొద్దున్నే బిల్డరు తాతారావు గారు ఒక చేత్తో కాకినాడ కాజాల డబ్బా, ఇంకో చేత్తో ఫ్లాట్ల బొమ్మలున్న రంగుల పుస్తకం పట్టుకుని రొప్పుకుంటూ మా మెట్లెక్కారు. చిరాగ్ గల్లీలో మా ఎనిమిది ఇళ్ళూ ఒకటే వరస, గోడకి గోడ ఆనించి ఎప్పటి కాలంలోనో కట్టినవి. కింద కొట్లు, పైన మేము. ఆ ఎనిమిదీ కొనేసి, పడగొట్టేసి, ఆరంతస్తుల కాంప్లెక్సు లేపుతారట. మోండా మార్కెట్ పక్కనే, స్టేషన్‌కి నడిచిపోవచ్చు కాబట్టి సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎగబడి కొంటారట. అది లేచేదాకా మమ్మల్ని అద్దెకి పెట్టి, తర్వాత ఇంటికి బదులు ఫ్లాటు ఇస్తారు.

"లిఫ్టుంటాదండి, జనరేటరుంటాదండి. కరెంటు పోయిందన్న సంగతి తమరు పేపర్లో సదువుకుంటే తప్ప తెలవదండి, ఆయ్!" అన్నారు.

ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నదాన్ని సాయంత్రం దాకా వదల్లేదు. వంటింట్లో చిమ్నీ! స్నానాల గదిలో షవరు! నాకు ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి. రైల్వే ఆఫీసులో అందరి లెక్కలూ సరిచేస్తాను గానీ, ఇంతవరకు నా నెత్తి మీద నీళ్ళు వాటంతట అవి పడ్డ పాపాన పోలేదు. తమ్ముడు సూరి నాకన్నా రెచ్చిపోయాడు. కాల్ సెంటర్లో వాడి పేరు స్టీవ్. "స్టీవ్ అనేవాడు ఉండాల్సిన ఇల్లు అదే అక్కా," అన్నాడు.

అమ్మ మాత్రం కాజా తిని, చెంగుతో మూతి తుడుచుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. ఎనిమిది ఇళ్ళకీ ముందువైపు ఒకటే పొడుగు కర్ర వరండా ఉంది, మధ్యలో అడ్డం లేదు. అమ్మ రోజూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, ప్రతి గుమ్మంలో ఆగి, అందరి కూరల్లోనూ ఉప్పు చూసి వస్తుంది. మెట్ల మీద నుంచి పడ్డ దగ్గర్నుంచి, నాలుగేళ్ళుగా కిందకి దిగలేదు. మోకాళ్ళు ఒప్పుకోవు, భయం అసలే ఒప్పుకోదు. నాన్న పోయాక ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది కాబట్టి సంతకం అమ్మే పెట్టాలి.

"ఏమంటావమ్మా?" అన్నాను తిరిగొచ్చాక.

"కాంతమణి పులుసులో ఇంగువెయ్యనేదు," అంది.

ఒప్పుకున్నట్టే లెక్క.

జులై 7, బుధవారం

చిమ్నీ కల్లోకొచ్చింది.

జులై 18, ఆదివారం

ఎవరో మనిషి గల్లీ మధ్యలో నిలబడి, నోరు తెరుచుకుని మా ఇళ్ళకేసి చూస్తున్నాడని పక్కింటి కాంతమణి కబురు తెచ్చింది. దొంగ అని ఆవిడ అనుమానం. పట్టపగలు మెడకి కెమెరా వేసుకొచ్చే దొంగ ఎవడమ్మా, అని నేనే దిగాను.

ఆయన పేరు ఉదయ్ భాస్కర్. పాత ఇళ్ళని బాగుచేసే ఆర్కిటెక్టట. పైకొచ్చి చూడొచ్చా అనడిగారు. వరండా స్తంభాల పైన చెక్కిన చిలకలుంటాయి, మేం తడిబట్టలు తగిలిస్తామే, వాటిని ఒక్కొక్కటే వేలితో తాకుతూ వరండా చివరిదాకా నడిచారు. తర్వాత, "ఇంత పొడుగు కర్ర వరండా, ఇంత చక్కగా నిలిచినది, నేను ఇంకెక్కడా చూడలేదండీ," అన్నారు. గొంతు వణికింది. నిజంగా వణికింది, నేను విన్నాను.

పాత వీధుల్ని బతికించే ట్రస్టు ఒకటుందట. మా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ అమ్మం, పడగొట్టం అని రాసిస్తే, కప్పు, కర్ర, గోడలు, నీళ్ళ గొట్టాలు అన్నీ వాళ్ళే బాగుచేయిస్తారట. ఒక్క ఇల్లు జారినా కుదరదు. మాది వరసకి నట్టనడుమ ఇల్లు, మేం జారితే వరండా రెండు ముక్కలవుతుంది.

నిజానికి నేను ఎప్పట్నుంచో అనుకుంటున్నదే ఇది. ఫ్లాట్లంటే నాకు మొదట్నుంచీ పడదు. అగ్గిపెట్టెలు, ఛీ. ఇంత అందమైన చిలకల కింద పుట్టి పెరిగి, చిమ్నీ కోసం ఎవరైనా ఇల్లు అమ్ముకుంటారా? తాతారావు గారి పుస్తకం అటక మీద పడేశాను. ఇందులో ఉదయ్ భాస్కర్ గారి ప్రమేయం ఏమీ లేదు.

ఆయన పిస్తా రంగు చొక్కా వేసుకొచ్చారు. ఈ మాట ఎందుకు రాశానో తెలియదు.

జులై 20, మంగళవారం

ఆఫీసు నుంచి వస్తూనే చిలకలన్నీ తుడిచాను. అన్నీ పదహారు. ఇన్నేళ్ళూ లెక్కే పెట్టలేదు, ఏం మనిషిని!

ఆగస్టు 1, ఆదివారం

ఇవాళ కొలతలు. టేపుకి అవతలి కొస పట్టుకోవడానికి మనిషి కావాలన్నారు. గల్లీలో ఎవరూ ఖాళీ లేరు కాబట్టి నేను పట్టుకున్నాను. (కాంతమణి ఖాళీగానే ఉంది. కానీ ఆవిడకి టేపు పట్టుకోవడం రాదు.)

మూలింటి బ్రహ్మచారి (అతని పేరే అది) కింద తన ఫర్నిచర్ షాపులోంచే అరిచాడు. "ఏందమ్మా సత్యవేణీ! గంట సంది గా టేపు గట్టిగ పట్టుకొని నిలబడ్డవ్. జెర కిందికి సుత చూడు, మేం సుత ఉన్నం!"

గల్లీ అంతా నవ్వింది. నాకు చెవులు కాలిపోయాయి. ఉదయ్ భాస్కర్ గారికి వినబడలేదు, లేదా వినబడనట్టు అంకె రాసుకున్నారు. అమ్మ ఆయన్ని కూచోబెట్టి వంకాయ కూర వడ్డించింది. మాది శ్రీకాకుళం వైపు. వచ్చిన మనిషి అన్నం తినకుండా వెళ్తే అమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టదు. "ఏటి బాబూ, పిట్టలాగ తింతన్నావు, ఇంకో ముద్ద ఎట్టుకో," అని మీద పడి వడ్డించింది. ఆయన మూడుసార్లు తిన్నారు. బాగా తినే మగవాళ్ళంటే నాకు గౌరవం.

ఆగస్టు 15, ఆదివారం

జెండా పండగ నాడు ఇంట్లో యుద్ధం. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన సూరి నిద్రకళ్ళతోనే మొదలుపెట్టాడు.

"నిన్నటిదాకా ఫ్లాటు ఫ్లాటని ఎగిరావు. ఇప్పుడు వరండా అంటావేంటక్కా? వరండా నీకు ముద్దు. మరి అమ్మ సంగతి? అమ్మ నేల తొక్కి నాలుగేళ్ళయింది. లిఫ్టుంటే కిందకి దిగుతుంది, గుడికెళ్తుంది, కూరగాయలు తనే బేరమాడుకుంటుంది. ఆవిణ్ణి ఇలా పంజరంలో పెట్టినట్టు పెట్టి, చిలకలు బాగున్నాయంటావా?"

వాడికి నిద్ర చాలక అలా మాట్లాడుతున్నాడు.

సెప్టెంబర్ 5, ఆదివారం

ట్రస్టు మేడం వచ్చే ఆదివారం గల్లీ చూడ్డానికి వస్తున్నారు! ఆవిడకి నచ్చితే చాలట, మిగతాదంతా సులువే. ఉదయ్ భాస్కర్ గారు పనుండి వారం రోజులు ఢిల్లీ వెళ్తున్నారు. వెళ్తూ వెళ్తూ నాకు ఒకటే చెప్పారు.

"సత్యవేణి గారూ, మీదే బాధ్యత. ఉన్నదున్నట్టు ఉంచండి. ఏదీ ముట్టుకోనివ్వకండి."

మీదే బాధ్యత అన్నారు. ఎనిమిది ఇళ్ళలో ఇంతమంది ఉండగా నాతోనే అన్నారు.

సెప్టెంబర్ 8, బుధవారం

ఉన్నదున్నట్టు ఉంచాలని అందరినీ వరండాలో కూచోబెట్టి చెప్పాను. అమ్మ వింటూ వింటూ ముక్కున వేలేసుకుంది.

"అదేటే! ఇంటికి పెద్దమనుసులొస్తంటే పెచ్చులూడిన గోడలు సూపిత్తామేటి? పెళ్ళిచూపులకి గుంటని నిద్రమొకంతో కూకోబెడతారేటే ఎవలైనా?"

"ఆయనే అన్నారమ్మా, ఏదీ ముట్టుకోవద్దని."

"మగోడు అలగే అంతాడు. శ్రమెట్టడం ఇష్టం నేక అంతాడు. మనకి తెలవొద్దేటి?"

వరండా అంతా అవునంది. కాంతమణి అవునంది. బ్రహ్మచారి, "గింతమంది పెద్దోళ్ళొస్తుంటే రంగు కొట్టకుంటే ఇజ్జత్ పోతది," అన్నాడు. నేను మళ్ళీ కాదనబోయాను. అంతలో అనిపించింది, ఢిల్లీ నుంచి అలిసిపోయి వచ్చిన మనిషి గల్లీ మలుపు తిరిగేసరికి ఎనిమిది ఇళ్ళూ కడిగిన ముత్యాల్లా మెరుస్తూ కనిపిస్తే? ఆయన మొహం ఎలా వెలుగుతుంది? ఏదీ ముట్టుకోవద్దన్నది మర్యాదకే అయ్యుంటుంది. అతిథులు మర్యాదకి ఏమీ వద్దనే అంటారు, మనం కాఫీ ఇవ్వకుండా ఉంటామా?

రాణీగంజ్ వెళ్ళి రంగులు నేనే ఎంచాను. గోడలకి పిస్తా.

సెప్టెంబర్ 11, శనివారం

అయిపోయింది! మూడు రోజులు గల్లీలో వంటలు కూడా కలిపే చేశాం. గోడలు పిస్తా, స్తంభాలు చాక్లెట్ రంగు, తళతళలాడే ఎనామెల్. చిలకలకి ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కులు. ఆ ముక్కులు నేనే దిద్దాను. బ్రహ్మచారి తన తలుపుకి బంగారు రంగు కూడా కొట్టాడు. సూరి ఒక్కడే కుర్చీలో కూచుని, "నాకెందుకో భయంగా ఉందక్కా," అన్నాడు. వాడికి అందం అంటే ఏమిటో తెలిస్తే కదా!

రేపు ఎప్పుడవుతుందో. ఒళ్ళంతా టర్పెంటైన్ వాసన, అయినా గాల్లో తేలుతున్నాను.

సెప్టెంబర్ 12, ఆదివారం

రాయక తప్పదు.

ట్రస్టు మేడం కారు దిగారు. తెల్ల జుట్టు, నేత చీర, చక్కటి మనిషి. ఉదయ్ భాస్కర్ గారు పక్కనే దిగి, ఏదో చెబుతూ చెయ్యెత్తి మా ఇళ్ళు చూపించి, ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచేశారు.

మేమంతా వరండాలో నిలబడి దణ్ణాలు పెట్టాం. కాంతమణి పన్నీరు కూడా చల్లింది.

మేడం పైకొచ్చి, ఒక చిలక ముక్కుని చాలాసేపు చూశారు. గోరుతో గోడ మీద గీరారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఈ ఆకుపచ్చ ఎవరు ఎంచారు?" అని మాత్రం అడిగారు. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ, చంటిపిల్లలతో సహా, నన్ను చూపించారు.

పాత సున్నం గోడకి ఊపిరాడకుండా మూసేశారనీ, కర్ర మీద చెక్కడం కనబడకుండా పోయిందనీ, ఇలా ఉంటే ట్రస్టు ముందు పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదనీ మెల్లిగా చెప్పారు. దీపావళి లోపల ఈ రంగంతా తీసేసి, అందరూ సంతకాలు పెట్టి ఇస్తే మళ్ళీ చూస్తానన్నారు. లేదంటే ఇంతే.

ఆవిడ వెళ్ళాక ఆయన నా దగ్గరకొచ్చారు.

"ఏదీ ముట్టుకోనివ్వద్దన్నాను కదండీ."

"అవునండీ."

"మరి?"

"అతిథులొస్తున్నారని..."

ఆయన గోడకేసి చూశారు. తర్వాత వంగి తన చొక్కా చూసుకున్నారు. ఇవాళ కూడా అదే చొక్కా. తర్వాత నాకేసి చూశారు. లోపలికి పరిగెత్తి తలుపేసుకున్నాను. తల కొట్టేసినట్టయింది. భూమి చీలి మింగేస్తే బాగుండునని ఎందుకంటారో ఇవాళ తెలిసింది.

సెప్టెంబర్ 13, సోమవారం

కడుపునొప్పని సెలవు పెట్టాను. కడుపులో ఏ నొప్పీ లేదు.

సెప్టెంబర్ 19, ఆదివారం

తాతారావు గారు మళ్ళీ కాజాలతో వచ్చారు. గోడలు చూసి, "రంగు బెమ్మాండంగా ఉందండి! మా కాంప్లెక్సుకీ ఇదే ఏయించేస్తానండి," అన్నారు. ఆ పొగడ్తతో చచ్చిపోయాను.

సూరి సంతకం విషయం ఎత్తాడు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. "నిఫ్టంటే ఎలగుంటాదో సూడకుండా నానెలగ సెప్పేది?" అంది. తాతారావు గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. రెండేళ్ళ కిందట ఆయన మారేడ్‌పల్లిలో కట్టిన కాంప్లెక్సు చూపిస్తానన్నారు. వచ్చే ఆదివారం ప్రయాణం.

కాదనే మొహం ఉందా నాకు?

సెప్టెంబర్ 26, ఆదివారం

ముందు మెట్లు మరీ ఇరుకు. అందుకని అమ్మని కుర్చీలో కూచోబెట్టి, సూరీ, బ్రహ్మచారీ చెరోవైపు పట్టుకుని వెనక మెట్ల మీదుగా పెరటి సందులోకి దింపారు. దిగినంతసేపూ అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "ఓలమ్మో, సచ్చిపోనాను! ఒరే సూరిగా, ఒగ్గీకురా!" అని అరుస్తూనే ఉంది. కారు ఆ సందులోకే తెప్పించారు.

కానీ లిఫ్టు ఎక్కాక చూడాలి అమ్మని! తలుపు మూసుకుంది, కదిలింది, అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది, తర్వాత ఫక్కున నవ్వింది.

"కడుపులో గిలిగింతలెడతన్నాదే!"

పైకెళ్ళాం, కిందకొచ్చాం. అమ్మ దిగనంది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందకి. లిఫ్టు నడిపే అతని ఊరేదో, పిల్లలెందరో కనుక్కుంది. కింద తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక కాలు బయటపెట్టి, నేల తాకి, మళ్ళీ లోపలికి తీసుకుంది. అలా నాలుగుసార్లు. చిన్నపిల్లలా మెరిసిపోతున్న ఆ మొహం చూసి సూరి నా వైపు తిరిగాడు. వాడు ఆగస్టులో అన్నది నిజం. నిద్ర చాలక అన్నది కాదు.

చివరికి మూడో అంతస్తులో దిగింది. "ఇక్కడెవలెవలున్నారో పలకరించొత్తాను," అని నడవలో బయల్దేరింది. అన్నీ మూసిన తలుపులే. ఒకటి కొట్టింది, ఎవరూ తీయలేదు. రెండోది గొలుసు తీయకుండా ఒక అమ్మాయి కొంచెం తెరిచి, "మేం ఏమీ కొనమండీ," అంది.

"నాను అమ్మడానికి రానేదమ్మా. ఊరికే పలకరిద్దామని..."

తలుపు మూసుకుపోయింది. అమ్మ దాని ముందు కాసేపు నిలబడింది. మూడోది నేను వద్దంటున్నా కొట్టింది.

ఆ తలుపు తీసింది లుంగీ కట్టుకుని, నోట్లో బ్రష్షు పెట్టుకున్న ఉదయ్ భాస్కర్ గారు.

దేవుడా!

అమ్మకి మాత్రం ఏ సందేహమూ రాలేదు. "బాబూ! నువ్విక్కడున్నావేటి! నీ ఇల్లేటి ఇది! నిఫ్టు బాగుంది కదూ?" అంటూ లోపలికెళ్ళి సోఫాలో కూచుంది. నేను గుమ్మంలోనే నిలబడి వంటింటికేసి చూశాను. చిమ్నీ ఉంది.

"అద్దె ఇల్లండీ," అన్నారాయన, నురగతోనే. నేను ఏమీ అడక్కుండానే ఇంకో మాట కూడా అన్నారు. "నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయండీ."

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని తేల్చేసింది.

"నిఫ్టు బాగుంది. దాని సుట్టూ మనుసులు నేరు. ఇక్కడ మనుసులున్నారు, నిఫ్టు నేదు. రెండూ ఒక్కకాడ ఎట్టడం ఇంత సదూకున్నోలకి సేతకాదేటే? వరండా ఉండాల, నిఫ్టూ ఉండాల. అప్పుడే సంతకం. ఏది తక్కువైనా ఎట్టను."

సెప్టెంబర్ 27, సోమవారం

లుంగీ. చిమ్నీ. ఇరవై నాలుగ్గంటల నీళ్ళు. ఆఫీసులో ఒక కూడిక నాలుగుసార్లు తప్పు చేశాను.

అక్టోబర్ 3, ఆదివారం

ఆయన వచ్చారు. లిఫ్టు మాట చెప్పాను. చెప్పగానే తల అడ్డంగా ఊపేశారు.

"కుదరదండీ. ఇంత పాత కట్టడానికి లిఫ్టేమిటి? దాని స్వరూపమే చెడిపోతుంది. ట్రస్టు ఒప్పుకోదు."

మూడు నెలలుగా ఈ మనిషి ఏమన్నా అవునండీ అన్నాను. టేపు పట్టుకోమంటే పట్టుకున్నాను, చిలకలు తుడవమనకపోయినా తుడిచాను. ఇవాళ ఎక్కడి నుంచి వచ్చిందో, కడుపులోంచి వచ్చింది.

"మీకు మూడో అంతస్తుకి లిఫ్టు కావాలి. మోకాళ్ళు పనిచేసే మనిషికి! మా అమ్మకి మాత్రం వద్దు, ఇల్లు చెడిపోతుంది. ఎవరికోసమండీ ఈ ఇల్లు నిలబెడుతున్నారు? ఫొటో తీసుకునేవాళ్ళ కోసమా? కూరల్లో ఉప్పు చూస్తూ ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగే ఒక మనిషి వల్ల ఇది వరండా అయింది. ఆవిడ నేల మీద అడుగు పెట్టకుండా ఇందులోనే పోతే, ఈ చిలకలతో నాకేం పని? పడగొట్టేయండి. నేనే గునపం తెచ్చిస్తాను!"

కాంతమణి చేతిలో చాట ఆగిపోయింది. ముందుగా బ్రహ్మచారికి నోరొచ్చింది.

"ఆమె చెప్పేది జెర ఇనుర్రి సార్. మా అమ్మ సుత గీ మెట్లతోనే పరేషాన్ అయితున్నది. లిఫ్టు పెడితే మేమందరం కలిసి ఏసుకుంటం."

ఉదయ్ భాస్కర్ గారు నన్నే చూశారు. తర్వాత మా వంటింట్లోంచి వెనక్కి నడిచి, పెరట్లోకి వంగి చూశారు. అక్కడ పడిపోయిన స్నానాల గది మొండిగోడలు తప్ప ఏమీ లేవు.

"గోడకి తగలకుండా విడిగా ఇనప చట్రం నిలబెడితే..." అని తనలో తనే అనుకుని, నా వైపు తిరిగారు. "గల్లీలోంచి కనబడదు. కానీ అందరూ మీ వంటింట్లోంచే లిఫ్టుకి రావాలి."

"రానీ బాబూ!" అంది అమ్మ. అంత సంతోషం లిఫ్టులో కూడా చూడలేదు ఆవిడ మొహంలో.

ఆయన టేపు తీశారు. రెండో కొస పట్టుకోమని అడగలేదు. నేనే పట్టుకున్నాను.

సూరి గుమ్మానికి ఆనుకుని నవ్వుతున్నాడు. "నా మాట నీ నోట్లోంచి వింటుంటే ఎంత బాగుందో అక్కా," అన్నాడు.

అక్టోబర్ 17, ఆదివారం

ట్రస్టు మేడం లిఫ్టుకి సరే అన్నారు! వెనకవైపు అయితే అభ్యంతరం లేదట, ఖర్చు మాత్రం మాదేనట. అయితే ముందు పిస్తా పోవాలి.

పిస్తా పోవడం లేదు. కొట్టడానికి మూడు రోజులు పట్టిన రంగు, మూడు వారాలైనా పోయేలా లేదు. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ రేకు ముక్కలు పట్టుకుని గీకుతున్నాం. నా జుట్టు పిస్తా, గోళ్ళు పిస్తా, కాంతమణి అయితే తన పెరుగన్నంలో కూడా పిస్తా ఉందంటుంది. చిలకల ముక్కులు మురిసిపోతూ ఎర్రగా దిద్దినదాన్ని, ఇప్పుడు సన్నటి పుల్లతో ఒక్కొక్క ముక్కూ గీక్కుంటూ కూచున్నాను. పక్క చిలక దగ్గర ఉదయ్ భాస్కర్ గారు. మాటల్లేవు, గీకుడే.

"నాకీ రంగు చొక్కాలు ఇంకో రెండున్నాయి. ఏం చేయమంటారు?" అన్నారు ఉన్నట్టుండి.

నవ్వు ఆపుకోలేక నిచ్చెన మీద నుంచి పడబోయాను.

నవంబర్ 3, బుధవారం

గోడలకి కొత్త సున్నం. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి తొట్టెలో నానబెట్టారు. గల్లీ అంతా పెళ్ళి వంటింటి వాసన. బోయిగూడ చీమలన్నీ తరలివచ్చాయి. అమ్మ తొట్టెలోకి చూసి, ఇంకొంచెం బెల్లం పడాలంది. ఉప్పు చూడ్డం ఒక్కటే తక్కువ.

నవంబర్ 10, బుధవారం

అమ్మ సంతకం పెట్టింది. ఎనిమిదో సంతకం. తాతారావు గారు కబురు విని వచ్చి, "పోన్లెండి అమ్మగారూ, లిఫ్టు మాత్రం మా మనిషి చేతే పెట్టించుకోండి, ఆయ్," అని, కాజాల డబ్బా అలవాటుగా ఇచ్చి వెళ్ళారు. సూరి ఆయన దగ్గరే మారేడ్‌పల్లిలో ఫ్లాటు బుక్ చేసుకుంటున్నాడు. స్టీవ్ కోరిక తీరింది.

ఎల్లుండి దీపావళి. అందరం వరండా పొడుగునా దీపాలు పెడతాం.

మార్చి 6, 2005, ఆదివారం

కొత్త డైరీ కొనలేదు, ఇందులోనే ఖాళీ కాగితాలు బోలెడున్నాయి. గల్లీ అంతా పరంజాలు, దుమ్ము. కొట్ల బోర్డులు, తీగలు, రేకులు అన్నీ విప్పేశారు. ఉదయ్ వాళ్ళమ్మగారు నిన్న వచ్చి వెళ్ళారు. అమ్మ ఆవిడకి మూడుసార్లు వడ్డించింది.

జూన్ 12, ఆదివారం

ఉదయ్‌తో దెబ్బలాట, వంటింటి తలుపు గురించి. నేనే గెలిచాను.

ఆగస్టు 21, ఆదివారం

ఇవాళ లిఫ్టు నడిచింది.

ఎనిమిది ఇళ్ళ ముసలాళ్ళూ తెల్లారకముందే మా వంటింట్లో బారులు తీరారు. బ్రహ్మచారి వాళ్ళమ్మ పట్టుచీర కట్టుకొచ్చింది. అమ్మ ఎవరినీ ముందు ఎక్కనివ్వలేదు. నేను, అమ్మ, ఉదయ్ ఎక్కాం. ఈసారి గిలిగింతలు లేవు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తలుపుకేసే చూస్తూ నిలబడింది.

తలుపు తెరుచుకుంది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. వెనక్కి తీసుకోలేదు.

"సెప్పులిప్పీనేటే?" అంది. విప్పేసి, పెరటి మట్టిలో కాసేపు నిలబడింది. నేను ఏడుస్తున్నానని ఉదయ్ జేబురుమాలిచ్చాడు. ఏడిస్తే ఏడిచాను, నా డైరీలో నాకు సిగ్గేమిటి!

తర్వాత పెరటి సందులోంచి మెల్లిగా నడిచాం. మలుపు దాకా నా భుజం పట్టుకుంది, మలుపు తిరిగాక వదిలేసింది. గల్లీ మధ్యకొచ్చి తలెత్తింది. తెల్లటి సున్నం గోడలు, నూనె పట్టించిన కర్ర, ఎండ పడుతున్న చిలకలు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే వరండా. అమ్మ అలా చూస్తూ నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒలే, ఈ మేడెవలదే? ఎంత బాగుందో!"

ఉదయ్ చెప్పాడు.

"మీదేనండీ."

అమ్మ నమ్మలేదు. నాకేసి చూసింది. తలూపాను. అప్పుడు మళ్ళీ పైకి చూసింది, ఒక్కొక్క స్తంభమూ, ఒక్కొక్క గుమ్మమూ, వేలితో గాల్లో లెక్కపెట్టుకుంటూ, "ఇది కాంతమణి, ఇది మనం, ఇది బెమ్మచారి," అనుకుంటూ. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఉన్నట్టుండి మొహం చిట్లించింది.

"మరి అంత మంచి మేడ మీద ఆ పాత సీర ఆరేసిందెవలే? సిగ్గు నేదేటి! బేగెల్లి తియ్యమను."

ఆ చీర అమ్మదే.